మిర్చి పట్టా మీద ఒకే పంక్తి

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పుడు చీమ కుడితే తేలు కుట్టిందని ఏడ్చేవాణ్ణి. నిజంగా తేలు కుట్టిన రోజు ఎవరూ పక్క మీంచి లేవలేదు. మా ఆవిడ సుగుణ నా మాటలన్నిటినీ మూడుతో భాగించి వింటుంది. మా సంఘ పెద్దలు సగానికి కోసి వింటారు, ఎంతైనా దేవుని మందిరం కాబట్టి. ఆఖరికి ప్రార్థనలో కూడా నా పాపాలను కాస్త పెంచే ఒప్పుకుంటాను. ఉన్నవి మరీ చిల్లరగా ఉంటాయి, అంత పెద్ద దేవుడి ముందు పెట్టాలంటే మొహమాటం.

కాబట్టి ఈ పల్నాడు ప్రయాణాన్ని మీకు తోచిన అంకెతో భాగించుకుంటూ చదవండి. ఇందులో నేను నిజంగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్తాను.

నేను పాస్టర్ని కాను. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో స్కూలు గుమాస్తాని. మా పాస్టరుగారు లేని ఆదివారాల్లో వాక్యం చెప్తుంటాను. బండికి స్టెప్నీ టైరు ఎలాగో సంఘానికి నేను అలాగ. మొన్న ఫిబ్రవరిలో గురజాల అవతల ఒక చిన్న ఊరి సంఘం ఆయన్ని కోత పండుగకు పిలిచింది. పంట చేతికొచ్చాక దేవునికి కృతజ్ఞత చెప్పి, అందరూ కలిసి ప్రేమవిందు తినే పండుగ అది. తీరా ప్రయాణం రోజుకు ఆయనకు జ్వరం. స్టెప్నీ బయల్దేరింది. ఆయన నా చేతిలో ప్రసంగం అంశం రాసిన చీటీ పెట్టారు: 'ఒకే బల్ల'. మా ఆవిడ పూతరేకుల డబ్బా పెట్టింది. రెండిట్లో డబ్బాయే బరువు.

నరసరావుపేట

మా గోదావరి వైపు ఒక మనిషిని లోపలికి పిలవాలంటే తక్కువలో తక్కువ నాలుగు 'అండి'లు ఖర్చవుతాయి. నరసరావుపేటలో ఒక్క 'ఏంది'తో పిలవడం, కూర్చోబెట్టడం, వడ్డించడం, లేపి పంపడం అన్నీ జరిగిపోతాయి.

శుక్రవారం సాయంత్రం బస్టాండు దగ్గర టిఫిన్ బండి ముందు నిలబడ్డాను. బండి నడిపే ఆవిడ నన్ను చూసి, "ఏంది?" అంది.

నేనేదో తప్పు చేశాననుకుని, "క్షమించండి" అన్నాను.

"దేనికి? ఇడ్లీయా దోశా అని అడుగుతన్నా."

నాలుగు ఇడ్లీలు ముప్ఫై రూపాయలు. వాటి మీద ఎర్రటి కారప్పొడి చల్లి, నెయ్యి వేసింది. మొదటి ముద్దకు కళ్ళ ముందు మా తాతముత్తాతలు వరుసగా నిలబడ్డారు. రెండో ముద్దకు నా చెవుల్లోంచి వచ్చిన ఆవిరితో పక్క బండాయన ఇంకో వాయి ఇడ్లీ ఉడికించుకున్నాడు.

"మీది యాడ?" అంది ఆవిడ, నీళ్ళ గ్లాసు నా వైపు జరుపుతూ.

"భీమవరం దగ్గరండి. రేపు గురజాల అవతలికి పోవాలి."

"అదా. కూరలో పంచదార వేసుకునే ఊళ్ళు."

"బెల్లమండి."

ఆవిడ నన్ను జబ్బుపడిన చుట్టాన్ని చూసినట్టు చూసి, ఇంకో ఇడ్లీ ఊరికే వేసింది. దాని మీద ఇంకాస్త పొడి చల్లింది. "తినండి. రేపు లోపలికి పోతన్నారు గదా. అలవాటు కావాల," అంది. ముక్కూ మొహం తెలియనివాడి నాలుకకు శిక్షణ ఇచ్చి డబ్బు తీసుకోని మనిషిని నేను అంతవరకు చూడలేదు.

గురజాల బస్సు

మర్నాడు పొద్దున గురజాల బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. తెల్లపంచె, తెల్లచొక్కా, మోకాలికి పట్టీ. ఊరు, ఉద్యోగం, జీతం, పిల్లలు, బీపీ, ఇన్నీ ఒకే గుక్కలో అడిగి తెలుసుకున్నారు. మా వైపు ఇవే విషయాలు తెలుసుకోవడానికి రెండు పెళ్ళిళ్ళు, ఒక చావు పడతాయి. ఆయన పేరు కోటిరెడ్డి. పదెకరాల మిరప రైతు. డాక్టరుకు మోకాలు చూపించుకుని తిరిగి వెళ్తున్నారు.

పిడుగురాళ్ళ దాటేటప్పుడు సున్నం బట్టీల దుమ్ము బస్సులోకి వచ్చింది. చెట్లు, గొర్రెలు, గొర్రెల కాపరి అంతా తెలుపు. "చూశారా, ఎక్కినప్పుడు నల్లగా ఉన్న నా జుట్టు ఎలా అయిపోయిందో," అన్నాను.

"నీ జుట్టు నరసరావుపేటలోనే తెల్లగా ఉంది," అన్నారు కోటిరెడ్డిగారు.

ఇలాంటి మనిషితో స్నేహం చేయాలి, లేదా సీటు మారాలి. బస్సు నిండిపోయింది. పూతరేకు తీసి ఇచ్చాను.

"ఇదేంది, కాగితం చుట్టి ఇస్తన్నావు."

"స్వీటండి. తినండి."

తిన్నారు. ఆలోచించారు. "కాగితమే. నెయ్యి రాసిన కాగితం," అని తేల్చి చెయ్యి చాపారు. "ఇంకో కాగితం ఇయ్యి."

మూడో కాగితం దగ్గర నేను వెళ్ళే ఊరి పేరు చెప్పాను. ఆయన నమలడం ఆపారు.

"అది మా ఊరే. రేపు మధ్యాహ్నం గదా మీ భోజనాలు?"

"మీకెలా తెలుసండి?"

"మరియమ్మ పిలిచింది. మిరపకోత ముఠా నడిపే ఆమె. నలభై ఏళ్ళ నుంచి మా చేలో కోస్తంది. మొన్న వచ్చి గుమ్మం ముందు నిలబడి, 'రెడ్డయ్యా, ఆదివారం నువ్వు మా దగ్గర అన్నం తినాల, మాతో పాటు బంతిలో కూకోని తినాల' అని చెప్పి పోయింది."

"వస్తారా మరి?"

"అదే తేలక మూడు రోజులుగా నిద్ర లేదు. పోతే మా వాళ్ళు తలా ఒక మాటంటారు. దానికేముంది, నేనూ అంటా. పోకపోతే..." ఆయన కిటికీలోంచి చేల వైపు చూశారు. దారి పొడుగునా ఎర్రగా మిరప.

"పోకపోతే ఆవిడ ఏమైనా అంటుందా?"

"ఏమీ అనదు. అదేగా నా బాధ."

ఆయనే మళ్ళీ అందుకున్నారు. "అసలు అన్ని కులాలోళ్ళు ఒకే చాప మీద కూర్చుని తిన్న గడ్డయ్యా ఇది. ఎన్నో వందల ఏళ్ళ కిందటి మాట. చాపకూడు అంటారు. ఇన్లా?"

"విన్నానండి. మీరెప్పుడైనా తిన్నారా?"

"తినడమా. చెప్పుకోవడమే," అన్నారు కోటిరెడ్డిగారు.

మిరప కల్లం

మరియమ్మగారిని కల్లంలో చూశాను. పెద్ద పెద్ద పట్టాలు పరిచి, వాటి మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. విమానంలో వెళ్ళేవాళ్ళు కిందకు చూస్తే ఊరికి నిప్పంటుకుందని ఫోను చేసేంత ఎరుపు. నేను వరుసగా పద్దెనిమిది సార్లు తుమ్మాను. పద్దెనిమిదో తుమ్ముకు పూతరేకుల డబ్బా చేతిలోంచి ఎగిరి మిరపకాయల్లో పడింది.

అరవై దాటిన సన్నటి మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని, డబ్బా తీసి దులిపి నాకిచ్చింది. అరచేతులు కాయల్లాగే ఎర్రగా ఉన్నాయి. కోత రోజుల్లో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదట. అందుకని మూడు నెలలు మనవరాలికి తన చేత్తో అన్నం కలిపి పెట్టదట.

"వందనాలు అయ్యగారూ," అంది.

మా క్రైస్తవుల్లో అయ్యగారంటే పాస్టరుగారు. "నేను అయ్యగారిని కానండీ మరియమ్మగారూ, గుమాస్తాని."

"రేపు వాక్యం చెప్తారు గదా. రేపటిదాకా అయ్యగారే. ఎల్లుండి గుమాస్తా అవుదురు గాని." తర్వాత పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "నన్ను గారు అన్నాడమ్మే," అంది. వాళ్ళు నా తుమ్ములకంటే ఎక్కువసేపు నవ్వారు.

ఆ సాయంత్రం చర్చిలో కింద కూర్చుని సంఘమంతా మాట్లాడుకుంది. సంగతి ఒక్కటే: కోటిరెడ్డిగారు వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి? అక్కడి పాస్టరు యోహానుగారు నెమ్మదస్తుడు. ఎవరికీ నొప్పి కలగకుండా అన్నీ జరగాలని కోరుకునే మనిషి.

"ఒక కుర్చీ, చిన్న బల్ల వేద్దామమ్మా," అన్నారాయన. "పెద్దాయన. మోకాళ్ళ నొప్పులు కూడా."

"కుర్చీ వేస్తే ఆయన మన దగ్గరికి వచ్చినట్టు కాదు అయ్యగారూ. మళ్ళీ మనమే ఆయన దగ్గరికి పోయినట్టు," అంది మరియమ్మగారు.

తనే మళ్ళీ చెప్పింది. "నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన అక్క పెళ్ళి. మమ్మల్ని గడ్డివాము అవతల కూకోబెట్టారు. ముందు చుట్టాలు తిన్నారు, తర్వాత ఊరు తినింది, తర్వాత బ్యాండోళ్ళు. మా దగ్గరికొచ్చేసరికి కూర మీద నూనె గడ్డకట్టింది. అందరి ఆకులూ పనోళ్ళు తీశారు. మా ఆకులు మమ్మల్నే తీసుకోమన్నారు. ఆ కూర రుచి నాకింకా తెలుస్తానే ఉంటది."

"రాకపోతే ఏం జేస్తావు అత్తా? రేపు ఊరంతా నిన్ను చూసి నవ్వుద్ది," అని వెనక నుంచి ఒక మగ గొంతు.

"రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటది. ఆకేసి అన్నం పెట్టే ఉంచుతా. నవ్వేవాళ్ళు నవ్వుతారు. పిలవడం నా పని, రావడం ఆయన పని."

అక్కడున్న అందరికంటే గట్టిగా తల ఊపింది నేనే. ఎంత గట్టిగా అంటే మెడ పట్టేసి, రాత్రి పక్కకు తిరగలేకపోయాను.

ప్రేమవిందు

నా ప్రసంగం గురించి నేనే చెప్పుకోకూడదు. క్లుప్తంగా చెప్తాను: రాళ్ళు కరిగాయి. పల్నాడులో రాళ్ళకు కొదవలేదు కాబట్టి చాలానే కరిగాయి. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, మిరపకాయల బుట్టలు, కందుల సంచులు, ఒక పుంజు. ఆ పుంజు తప్ప అందరూ శ్రద్ధగా విన్నారు. ప్రభువు బల్ల దగ్గర ఎవరికీ ప్రత్యేకంగా కుర్చీ లేదన్నాను. చివర కూర్చున్నవాణ్ణి ముందుకు పిలిచేది ఆయనే, ముందు కూర్చున్నవాణ్ణి లేపేదీ ఆయనే అన్నాను. మొత్తం నలభై నిమిషాలు.

బయట షామియానా కింద మిర్చి పట్టాలు కడిగి పొడవుగా పరిచారు. పిల్లలు, ముసలివాళ్ళు, ఆడ, మగ అంతా ఒకే పంక్తి. విస్తరాకులు వేశారు. మధ్యలో ఒక ఆకు ముందు చోటు ఖాళీ. మరియమ్మగారు అన్నం గంప పట్టుకుని ఆ ఖాళీ చోటు దగ్గరే నిలబడింది, కావలి ఉన్నట్టు.

అప్పుడు యోహానుగారు నా మోచేయి పట్టుకుని, "మీరు రండి. మీకు లోపల పెట్టించాను," అన్నారు.

లోపలంటే చర్చి పక్కనే ఉన్న ఆయన ఇల్లు. వాక్యం చెప్పినవాడికి భోజనం లోపల, ఇది మా సంఘాల్లో ఎవరూ రాయని ఆజ్ఞ. ఫ్యాను కింద బల్ల, పువ్వుల పింగాణీ ప్లేటు, రెండు ఉడికించిన గుడ్లు, కోడికూరలో నా కోసమే ఏరి పెట్టిన లెగ్ పీసు. పదిహేనేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా లోపలే తింటున్నాను. అందులో తప్పుందని ఎప్పుడూ తోచలేదు. ముక్క మెత్తగా ఉండేది.

కిటికీలోంచి పంక్తి కనిపిస్తూనే ఉంది. నేను మొదటి గుడ్డు ముగించేసరికి మోపెడ్ చప్పుడు వినిపించింది. కోటిరెడ్డిగారు దిగారు. ఉతికిన పంచె. షామియానా అంచున చెప్పులు విడిచి, ఒక కాలు పట్టా మీద పెట్టి ఆగారు. వంద మంది చేతులు ఆకుల మీద ఆగిపోయాయి. ఈగలు కూడా వాలడం మానేశాయి.

"వచ్చా, మరియమ్మా," అన్నారాయన.

"రా రెడ్డయ్యా. నీ చోటు ఇదే."

ఆయన పంక్తి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు. "నిన్న బస్సులో కాగితాలు పెట్టినాయన, వాక్యం చెప్పడానికి వచ్చిన అయ్యగారు, యాడ?"

ఎవరో సందేహంగా, "లోపల తింటన్నాడు," అన్నారు.

"లోపలా? బల్ల మీదా?"

"అవును."

"ఓహో. ఆయనకి బల్ల, నాకు పట్టానా?" ఆయన గొంతులో కోపం లేదు. నరసరావుపేట ఇడ్లీ బండి ఆవిడ గొంతులో ఎంత కోపముందో అంతే. "మీలో మీకే లోపల, బయట ఉంటే ఇంక నన్నెందుకే పిలిచావు? మాకాడ నేర్చుకున్నదేగా ఇది."

మరియమ్మగారు ఈ ఇంటి కిటికీ వైపు చూసింది. నిన్నటి నుంచి ఆ ముఖంలో చూడని రంగు అది. ఊరు నవ్వుతుందంటే బెదరని మనిషి అన్నం గంప కింద పెట్టేసింది. కోటిరెడ్డిగారు పట్టా మీది కాలు వెనక్కి తీసుకుంటున్నారు.

నేను సింహంలా లేచాను. కుర్చీ వెనక్కి పడింది. ప్లేటు చేతబట్టుకుని, గడప దాటి, ఎండలోకి నడిచాను. "నా చోటు కూడా ఇక్కడే," అన్నాను. నా కంఠం మాచర్లదాకా వినిపించి ఉంటుంది. ఖాళీ చోటు పక్కనున్నవాళ్ళు జరిగి దారిచ్చారు.

గంభీరంగా కూర్చుందామనుకున్నాను. కాని పదిహేనేళ్ళు బల్లల దగ్గర తిన్న మోకాళ్ళు నేలకు ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషులు నన్ను కొబ్బరికాయల బస్తాను దించినట్టు దించారు. అది చూసి కోటిరెడ్డిగారు, "ఏందయ్యా, నాకంటే అధ్వానంగా ఉన్నావు," అంటూ నా భుజం ఊతంగా పట్టుకుని పక్కన కూర్చున్నారు. కూర్చున్నారు. ఇది భాగించకండి.

రెండు నిమిషాల తర్వాత నాకు ఇంకో సంగతి తెలిసింది. ఎంత కడిగినా మిర్చి పట్టా మిర్చి పట్టాయే. పల్నాడులో కారం నోట్లోంచే లోపలికి పోవాలన్న నియమమేమీ లేదు. నేను అటూ ఇటూ కదిలాను. కోటిరెడ్డిగారూ అటూ ఇటూ కదిలారు. ఆయన చెవిలో నెమ్మదిగా, "మీకూనా?" అన్నాను. "నా పంటేగా," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

మరియమ్మగారు అన్నం పెట్టింది. గోంగూర వేసింది. కోడికూర పోసింది. ఆయన మొదటి ముద్ద కలిపారు. పంక్తి మొత్తం ఆ ముద్ద వైపే చూస్తోంది. నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. తల ఎత్తలేదు.

"కూర వేడిగా ఉందే మరియమ్మా," అన్నారు.

ఆమె ఒక్క క్షణం గరిటె ఆపింది. "ఉంటది రెడ్డయ్యా. ఇప్పుడే దింపాం."

అంతే మాట్లాడుకున్నారు. ఆ పెళ్ళి సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలీదు. కాని తినడం అయ్యాక ఆయన నా భుజం పట్టుకుని లేచి, వంగి, తన ఆకు తనే మడిచి తీశారు. మరియమ్మగారు అది తీసుకోవడానికి చెయ్యి చాపబోయి, ఏమనుకుందో, ఆపేసింది. ఆయన ఆ ఆకు పట్టుకుని షామియానా చివరి గుంతదాకా కుంటుతూ నడిచి, వేసి వచ్చారు. వంద మంది చూశారు. ఎవరూ వద్దనలేదు.

మోపెడ్ ఎక్కుతూ ఆయన నాతో, "ఆ కాగితాలేమన్నా మిగిలుంటే ఇయ్యి," అన్నారు. ఉన్నవన్నీ ఇచ్చేశాను. మిర్చి వాసన పట్టి ఉన్నాయని చెప్తే, "ఇప్పుడు తినబుద్ధవుద్ది," అన్నారు.

మాచర్ల

సోమవారం పొద్దున మాచర్ల స్టేషను బయట పది రూపాయల టీ తాగుతున్నాను. టీ కొట్టతను ఇంకొకరికి చెప్తున్నాడు: "ఆ ఊళ్ళో పెద్దరెడ్డి చర్చికి పోయి వెయ్యి మందితో కింద కూర్చుని తిన్నాడంట. తింటా వలవలా ఏడ్చాడంట."

"వందే అండి. ఏడవలేదు. అది మిర్చి పట్టా," అన్నాను. అతను నన్ను ఏమీ తెలియని పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. జీవితంలో మొదటిసారి నేను ఒక అంకె తగ్గించాను, ఒక్కడూ నమ్మలేదు.

రైలొచ్చేలోపు మీకిచ్చిన మాట చెల్లిస్తాను. చెవుల్లో ఆవిరి, పద్దెనిమిది తుమ్ములు, కరిగిన రాళ్ళు, ఇవన్నీ నేను పెంచినవి. పెంచడానికి లోపల ఎంతో కొంత ఉండాలి, ఉంది. ఏమీ లేని చోట నేను నిలబెట్టింది ఒక్కటే. సింహం.

నేను లేవలేదు. కిటికీలోంచి ప్రతి మాటా విన్నాను. విని, లెగ్ పీసు వైపు చూశాను. ఇది అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. కుర్చీ పడలేదు. 'నా చోటు కూడా ఇక్కడే' అని నేననలేదు. తలుపు తెరుచుకుంది, మరియమ్మగారు లోపలికి వచ్చింది. ఏమీ అనలేదు. తప్పు చోట కూర్చుని తింటున్న పిల్లవాడి కంచం తల్లి తీసినట్టు, ఆ ఎర్రటి చేతులతో నా ముందున్న ప్లేటు తీసుకుని బయటికి నడిచింది. ప్లేటు వెనక నేను నడిచాను. 'ఒకే బల్ల' మీద నలభై నిమిషాలు చెప్పినవాణ్ణి.

ఇంటికొచ్చి భోజనం దగ్గర మా ఆవిడకు ముందు సింహం కథ చెప్పాను. వడ్డిస్తూ, అలవాటు ప్రకారం మూడుతో భాగించి, "ఊఁ" అంది. తర్వాత ప్లేటు కథ చెప్పాను. ఈసారి భాగించలేదు. గరిటె కింద పెట్టి, లోపలికి వెళ్ళి తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. పెళ్ళై ఇరవై నాలుగేళ్ళు. నేను తినడం అయ్యేదాకా తను కూర్చోకపోవడం ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను.

ఇరవై నాలుగు. ఇది నేను పెంచిన అంకె కాదు.